డిజిటల్ బ్యాక్ – మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా భవిష్యత్తు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఫిల్మ్‌తో పనిచేసే మీడియం ఫార్మాట్ కెమెరాలకు డిజిటల్ బ్యాకే భవిష్యత్తు అన్న అభిప్రాయం మూడు దశాబ్దాలుగా ఛాయాచిత్రణ రంగంలో బలంగా ఉంది. పాత కెమెరా వెనుక ఫిల్మ్ పెట్టెకు బదులు సెన్సార్‌ను అమర్చితే ఆ కెమెరా కొత్త కాలానికి పనికివస్తుందన్నది దీని సారాంశం. హాసెల్‌బ్లాడ్ వి శ్రేణిని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ అభిప్రాయాన్ని పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. డిజిటల్ బ్యాక్ కెమెరా బాడీని వాడుకలో నిలిపింది గాని, ఆ బాడీ ఏ దృశ్యవిధానం కోసం రూపొందిందో దాన్ని పూర్తిగా నిలపలేకపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ కెమెరాల భవిష్యత్తు నెగటివ్ మీద, దాన్ని చదివే స్కానింగ్ మీద, మరమ్మతు నైపుణ్యం మీద ఎక్కువగా ఆధారపడి ఉందని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: మీడియం ఫార్మాట్, 120 ఫిల్మ్, డిజిటల్ బ్యాక్, హాసెల్‌బ్లాడ్, చతురస్ర చట్రం, నెగటివ్, స్కానింగ్.

1. ప్రవేశిక:

కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టిన 120 రోల్ ఫిల్మ్ నేటికీ తయారవుతోంది. సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ ఫిల్మ్‌పై కెమెరాను బట్టి 6×4.5, 6×6, 6×7, 6×9 వంటి కొలతల్లో బొమ్మ పడుతుంది. 35 మి.మీ. ఫిల్మ్ కన్నా పెద్దది, షీట్ ఫిల్మ్ కన్నా చిన్నది కావడం వల్ల దీనికి మీడియం ఫార్మాట్ అన్న పేరు వచ్చింది. 35 మి.మీ. కెమెరా చట్రం 24×36 మి.మీ.; అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. 6×6 చట్రం అసలు కొలత సుమారు 56×56 మి.మీ.; అంటే 3136 చదరపు మిల్లీమీటర్లు. మూడున్నర రెట్లకు మించిన ఈ వైశాల్యమే మీడియం ఫార్మాట్‌కు వివరాల సమృద్ధిని, వర్ణచ్ఛాయల మెత్తదనాన్ని ఇచ్చింది. స్టూడియో చిత్రణ, వాణిజ్య ప్రకటనలు, ఫ్యాషన్, ప్రకృతి దృశ్యాలు, వ్యక్తి చిత్రాలు దశాబ్దాల పాటు దీని పరిధిలోనే నడిచాయి.

1990ల నుంచి ఈ రంగం ఒక ప్రశ్నను ఎదుర్కొంటోంది. ఫిల్మ్ వెనుకబడితే, ఫిల్మ్ కోసం తయారైన ఈ ఖరీదైన, దృఢమైన యంత్రాలు ఏమవుతాయి? పరిశ్రమ ఇచ్చిన సమాధానం డిజిటల్ బ్యాక్. ఈ సమాధానాన్ని సాంకేతిక దృష్టితో మెచ్చుకున్నవారు అనేకులు. అయితే ఒక పరికరం కొనసాగుతోంది అన్నప్పుడు దానిలో ఏది కొనసాగుతోంది అని అడగడం విమర్శకు అవసరం. బాడీ కొనసాగడం ఒకటి, ఆ బాడీ ద్వారా సాధ్యమైన చూపు కొనసాగడం మరొకటి. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించకపోవడం వల్లనే డిజిటల్ బ్యాక్ గురించిన చర్చ చాలావరకు మెగాపిక్సెళ్ల లెక్క దగ్గర ఆగిపోయింది.

2. విడదీయగల వెనుక భాగం – చారిత్రక నేపథ్యం:

స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌కు చెందిన విక్టర్ హాసెల్‌బ్లాడ్ 1948లో 1600ఎఫ్ అనే కెమెరాను విడుదల చేశాడు. దానిలో బాడీ, లెన్స్, వ్యూఫైండర్, ఫిల్మ్ మ్యాగజీన్ అనే నాలుగు భాగాలూ దేనికది విడివడతాయి. 1957లో వచ్చిన 500సి లో షట్టర్ లెన్స్‌లోకి చేరింది. ఈ నిర్మాణమే స్వల్ప మార్పులతో 2013లో వి శ్రేణి ఉత్పత్తి ఆగిపోయేవరకు కొనసాగింది.

మ్యాగజీన్ విడివడటం అప్పట్లో ఒక వృత్తిపరమైన సౌకర్యం. రోల్ మధ్యలో ఉండగానే ఒక పలచటి లోహపు రేకును అడ్డంగా దోపి, మ్యాగజీన్‌ను తీసి, వేరొక ఫిల్మ్ ఉన్న మ్యాగజీన్‌ను తగిలించవచ్చు. నలుపు తెలుపు నుంచి రంగుకు, ఒక వేగం నుంచి మరో వేగానికి క్షణాల్లో మారవచ్చు. పోలరాయిడ్ మ్యాగజీన్‌తో వెలుతురును ముందుగా సరిచూసుకోవచ్చు.

ఈ నిర్మాణంలోని తర్కాన్ని అపోలో యాత్రలు స్పష్టంగా చూపాయి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుని ఉపరితలంపై వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాను అక్కడే వదిలి, 70 మి.మీ. ఫిల్మ్ ఉన్న మ్యాగజీన్‌ను మాత్రమే భూమికి తెచ్చారు. బరువు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు వదులుకోదగినది యంత్రం, వదులుకోరానిది నెగటివ్ అన్న నిర్ణయం అందులో ఉంది. డిజిటల్ బ్యాక్ గురించిన చర్చకు ఈ నిర్ణయం ఒక కొలమానంగా ఉపయోగపడుతుంది.

3. డిజిటల్ బ్యాక్ పరిణామ దశలు:

మ్యాగజీన్ విడివడుతుంది కాబట్టి దాని స్థానంలో సెన్సార్‌ను అమర్చే వీలు కలిగింది. 1991లో లీఫ్ సంస్థ తెచ్చిన డి.సి.బి.1 ఈ తరహాలో తొలి వాణిజ్య ఉత్పత్తి. దాని సామర్థ్యం 4 మెగాపిక్సెళ్లు. రంగు చిత్రం కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా మూడుసార్లు విడివిడిగా ఎక్స్‌పోజ్ చేయాలి. అందువల్ల కదలని వస్తువులకే అది పనికివచ్చింది. అది ఎల్లప్పుడూ కంప్యూటర్‌కు తీగతో బంధింపబడి ఉండేది. అంటే తొలి దశలో డిజిటల్ బ్యాక్ కెమెరాను స్టూడియో బల్లకు కట్టేసింది.

రెండో దశలో బ్యాక్ బయటి ప్రపంచంలోకి వచ్చింది. 1993లో డెన్మార్క్‌లో స్థాపితమైన ఫేజ్ వన్ సంస్థ ఈ దశలో ముఖ్యపాత్ర వహించింది. 2006లో హాసెల్‌బ్లాడ్ తన వి శ్రేణి కోసమే సి.ఎఫ్.వి. అనే 16 మెగాపిక్సెళ్ల చతురస్ర బ్యాక్‌ను తెచ్చింది. 2008లో ఫేజ్ వన్ పి65 ప్లస్ 53.9×40.4 మి.మీ. సెన్సార్‌తో 6×4.5 చట్రానికి దాదాపు సమానమైన కొలతను అందుకుంది.

మూడో దశ 2014లో మొదలయింది. అంతవరకు వాడిన సి.సి.డి. సెన్సార్ల స్థానంలో సీమాస్ సెన్సార్లు వచ్చాయి. తక్కువ వెలుతురులో పనిచేయడం, తెరపై ప్రత్యక్ష దృశ్యాన్ని చూస్తూ ఫోకస్ సరిచేసుకోవడం సాధ్యమయ్యాయి. 2018లో ఫేజ్ వన్ ఐక్యూ4 150 మెగాపిక్సెళ్లకు చేరింది. 2019లో హాసెల్‌బ్లాడ్ ప్రకటించిన సి.ఎఫ్.వి. II 50సి, 2024లో వచ్చిన సి.ఎఫ్.వి. 100సి 1957 తర్వాతి వి శ్రేణి కెమెరాల్లో అధికభాగానికి అమరుతాయి. అరవై ఏళ్లు దాటిన యంత్రానికి నేటి సెన్సార్ అమరడం ఇంజినీరింగ్ చరిత్రలో అరుదైన విషయమని ఒప్పుకోవాలి. డిజిటల్ బ్యాక్ పట్ల ఉన్న అభిమానానికి మూలం ఇదే.

4. చట్రం కొలత – చూపులో వచ్చిన మార్పు:

ఇక్కడినుంచి విమర్శ మొదలవుతుంది. విస్తృతంగా వాడుకలోకి వచ్చిన బ్యాకుల్లో ఏదీ 56×56 మి.మీ. చట్రాన్ని పూర్తిగా నింపలేదు. 2006 నాటి సి.ఎఫ్.వి. సెన్సార్ సుమారు 37×37 మి.మీ.; ఇది ఫిల్మ్ వైశాల్యంలో 44 శాతం. సి.ఎఫ్.వి. 100సి సెన్సార్ 43.8×32.9 మి.మీ.; ఇది 46 శాతం. పైగా ఇది దీర్ఘచతురస్రం. దానినుంచి చతురస్రాన్ని కత్తిరిస్తే మిగిలేది సుమారు 33×33 మి.మీ. అంటే 6×6 చట్రంలో మూడో వంతు.

ఈ అంకెల ప్రభావం ముందుగా లెన్స్‌లపై పడుతుంది. 6×6 చట్రానికి 80 మి.మీ. లెన్స్ సాధారణ దృష్టిని ఇస్తుంది. చట్రపు కర్ణం సుమారు 79 మి.మీ. కావడమే అందుకు కారణం. అదే లెన్స్ 43.8×32.9 మి.మీ. సెన్సార్ ముందు, ఫిల్మ్‌పై 116 మి.మీ. లెన్స్ చూపినంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. 40 మి.మీ. డిస్టగాన్ విశాలదృశ్య లెన్స్ 58 మి.మీ. లెన్స్ స్థాయికి తగ్గుతుంది. ఛాయాచిత్రకారుడు ఏ దూరంలో నిలబడాలో, ఎదుటి మనిషికి ఎంత దగ్గరగా వెళ్లాలో నిర్ణయించేది దృశ్యకోణమే. దృశ్యకోణం మారితే మనిషికీ మనిషికీ మధ్య దూరం మారుతుంది. వ్యక్తి చిత్రణలో ఇది స్వల్ప విషయం కాదు.

రెండో ప్రభావం చట్రం ఆకృతిపై పడుతుంది. వి శ్రేణి కెమెరాను నడుము దగ్గర పట్టుకొని, తలవంచి, పైనున్న గరుకు గాజు తెరలోకి చూస్తారు. తెరపై బొమ్మ నిటారుగానే ఉంటుంది గాని కుడిఎడమలు తారుమారవుతాయి. చట్రం చతురస్రం కాబట్టి నిలువు చిత్రమా, అడ్డ చిత్రమా అన్న ఎంపికే ఉండదు; కెమెరాను పక్కకు తిప్పవలసిన అవసరం రాదు. ఈ తెర, ఈ పట్టు, ఈ చతురస్రం మూడూ కలిసి ఒకే నిర్మాణం. దీర్ఘచతురస్ర సెన్సార్ రాగానే ఈ పొందిక చెదురుతుంది. నిలువు చిత్రం కోసం కెమెరాను పక్కకు వాల్చితే తెరపై బొమ్మ తలకిందులవుతుంది. దాంతో కంటి ఎత్తున పెట్టుకునే ప్రిజం వ్యూఫైండర్ తప్పనిసరి అవుతుంది. తలవంచి చూసే కెమెరా, ఎదుటివారికి ఎక్కుపెట్టే కెమెరాగా మారుతుంది.

డయాన్ ఆర్బస్ వ్యక్తి చిత్రాలు, మైకేల్ కెన్నా నలుపు తెలుపు ప్రకృతి దృశ్యాలు, 2022లో హాసెల్‌బ్లాడ్ పురస్కారం పొందిన భారతీయ ఛాయాచిత్రకారిణి దయానితా సింగ్ చతురస్ర చిత్రాలు ఈ దృశ్యవిధానం ఎంత సృజనకు ఆధారమైందో చూపుతాయి. వారి చిత్రాల్లో చతురస్రం తరువాత కత్తిరించి తెచ్చుకున్న ఆకృతి కాదు. చూస్తున్న క్షణంలోనే తెర అంచుల మధ్య కుదిరిన కూర్పు అది.

5. కాలం చెల్లే భాగం ఏది?:

ఫిల్మ్ వ్యవస్థలో బాడీ దీర్ఘాయుష్షు గలది. మ్యాగజీన్ ఒక సాధారణ యాంత్రిక పెట్టె. కాంతిని గ్రహించే పొర ప్రతి చట్రానికీ కొత్తది. దీనివల్ల కలిగిన ఒక ఫలితాన్ని విమర్శకులు తగినంతగా గుర్తించలేదు. ఫిల్మ్ మెరుగుపడిన ప్రతిసారీ పాత కెమెరా కూడా మెరుగుపడింది. కొడాక్ పోర్ట్రా 1998లో వచ్చింది. 2010లో పోర్ట్రా 400 మరింత సన్నని రేణువుతో తిరిగి రూపొందింది. 1957 నాటి 500సి ఏ మార్పూ లేకుండా ఆ ప్రయోజనాన్ని పొందింది. ఒక ఫిల్మ్ రోల్ ధరకే సెన్సార్ కొత్తదయినట్లు భావించవచ్చు.

డిజిటల్ బ్యాక్ ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. అత్యంత ఖరీదైన భాగమే అత్యంత త్వరగా కాలం చెల్లే భాగమయింది. బ్యాక్ ధర బాడీ ధరకు అనేక రెట్లు. పాత బ్యాకులు ఆధారపడిన ఫైర్‌వైర్ వంటి అనుసంధానాలు కొత్త కంప్యూటర్లలో లేవు. ప్రత్యేక బ్యాటరీలు, సాఫ్ట్‌వేర్ లభించకపోతే లోపలి సెన్సార్ బాగున్నా బ్యాక్ మూలపడుతుంది. అప్పుడు బాడీ నిలిచి ఉంటుంది, బ్యాక్ పోతుంది. కొత్త బ్యాక్ కొనగలిగినవారికే కొనసాగింపు దక్కుతుంది.

దీనితోపాటు సూక్ష్మత సమస్య కూడా ఉంది. 100 మెగాపిక్సెళ్ల సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 3.76 మైక్రాన్లు. అద్దం, గరుకు గాజు తెర, ఫిల్మ్ తలం ఈ మూడింటి అమరికలో దశాబ్దాల వాడుక వల్ల వచ్చిన అతి చిన్న తేడా ఫిల్మ్‌పై కనిపించకపోవచ్చు. సెన్సార్‌పై తప్పక కనిపిస్తుంది. అందువల్ల చాలామంది గాజు తెరను వదిలి, బ్యాక్ వెనుకనున్న ప్రత్యక్ష దృశ్యంలో ఫోకస్ చేస్తారు. దాంతో పాత బాడీ కేవలం లెన్స్‌ను పట్టి ఉంచే చట్రంగా మిగులుతుంది.

పరిశ్రమ నడక కూడా ఇదే దిశలో సాగింది. 2002 నాటి హాసెల్‌బ్లాడ్ హెచ్1 ఇతర సంస్థల బ్యాకులను అంగీకరించింది. 2006 నాటి హెచ్3డి బాడీని, బ్యాక్‌ను ఒకే వ్యవస్థగా బిగించి ఇతరులకు తలుపు మూసింది. 2016లో హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డి, 2017లో ఫ్యూజీఫిల్మ్ జి.ఎఫ్.ఎక్స్. 50ఎస్ వచ్చేసరికి సెన్సార్ కెమెరాలో అంతర్భాగమైపోయింది. విడదీయగల వెనుక భాగం అన్న భావనే ఆ కెమెరాల్లో లేదు. కాబట్టి డిజిటల్ బ్యాక్‌ను ఫిల్మ్ కెమెరా భవిష్యత్తుగా కంటే, ఫిల్మ్ కెమెరా నుంచి పూర్తి డిజిటల్ కెమెరాకు పరిశ్రమ వేసుకున్న వంతెనగా చూడటం సమంజసం.

6. వెనుక భాగం విడివడని కెమెరాలు:

డిజిటల్ బ్యాక్ చర్చ మరో విషయాన్ని మరుగుపరుస్తుంది. మీడియం ఫార్మాట్ కెమెరాలన్నీ హాసెల్‌బ్లాడ్‌లు కావు. రోలిఫ్లెక్స్, యాషికా మ్యాట్ వంటి జంట లెన్స్‌ల కెమెరాలు, పెంటాక్స్ 67, మామియా 7, ఫ్యూజీ 6×9 రేంజ్‌ఫైండర్లు, మడత కెమెరాలు వీటిలో దేనికీ విడదీయగల వెనుక భాగం లేదు. వీటికి డిజిటల్ బ్యాక్ భవిష్యత్తు కాజాలదు.

భారతదేశ అనుభవం ఈ రెండో వర్గానికే ఎక్కువగా చెందుతుంది. తొలితరం పత్రికా ఛాయాచిత్రకారిణి హోమై వ్యారావాలా వాడిన కెమెరాల్లో రోలిఫ్లెక్స్ ఒకటి. తెలుగు పట్టణాల్లోని నలుపు తెలుపు కాలపు స్టూడియోలకు జంట లెన్స్‌ల కెమెరా, 120 ఫిల్మ్ సుపరిచితాలు. ఊటీలో 1960లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో తయారుచేసిన ఫిల్మ్ ఈ అవసరాన్ని కొంతవరకు తీర్చింది. ఆ సంస్థ తరువాత మూతపడింది. పెళ్లి చిత్రాలు, కుటుంబ చిత్రాలు, నాటక సమాజాల చిత్రాలు ఎన్నో ఆ నెగటివ్‌ల మీదనే ఉన్నాయి. ఈ నేల మీద మీడియం ఫార్మాట్ భవిష్యత్తు అన్న ప్రశ్న అడిగితే, అది కొత్త బ్యాక్ కొనుగోలు ప్రశ్న కాదు. అటకల మీద, మూతపడిన స్టూడియోల పెట్టెల్లో మిగిలిన నెగటివ్‌లను ఎవరు చదువుతారన్న ప్రశ్న.

7. నెగటివ్ వద్ద కలయిక:

ఫిల్మ్, డిజిటల్ పరస్పర విరుద్ధాలన్న భావన వాస్తవానికి నిలవదు. నేడు ఫిల్మ్ వాడేవారిలో చాలామంది నెగటివ్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో సవరించి, ముద్రిస్తున్నారు. సెన్సార్ అవసరమే. అది ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. డిజిటల్ బ్యాక్ సెన్సార్‌ను కెమెరా వెనుక, దృశ్యానికి ఎదురుగా ఉంచుతుంది. స్కానింగ్ దాన్ని నెగటివ్‌కు ఎదురుగా ఉంచుతుంది. ఈ స్థానభేదం వల్ల భవిష్యత్తుతో సంబంధమే మారిపోతుంది.

అపోలో ఫిల్మ్‌లను నాసా, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కలిసి 2000 దశకంలో అధిక సాంద్రతతో తిరిగి స్కాన్ చేయించాయి. 1969లో ఎవరూ ఊహించని స్కానర్, ఆ నెగటివ్‌లోని వివరాలను మునుపటి కన్నా బాగా చదవగలిగింది. 1991లో 4 మెగాపిక్సెళ్ల బ్యాక్‌తో తీసిన ఫైల్ ఎప్పటికీ 4 మెగాపిక్సెళ్లే. కొత్త సాఫ్ట్‌వేర్ దాని రంగులను మెరుగుపరచవచ్చు గాని, నమోదు కాని వివరాన్ని తేలేదు. నెగటివ్ కూడా అనంతం కాదు. రేణువు, లెన్స్ దానికి హద్దులు. అయినా తొలి స్కాన్‌లో అందని సమాచారం తర్వాతి స్కాన్‌లో అందే అవకాశం మిగిలి ఉంటుంది. చంద్రుని నుంచి మ్యాగజీన్‌ను మాత్రమే వెనక్కి తేవడంలోని వివేకం ఇందువల్ల మరింత బలపడుతుంది.

అయితే ఈ దారిలోనూ బలహీనత ఉంది. మీడియం ఫార్మాట్‌కు పేరుపొందిన నికాన్ కూల్‌స్కాన్ 9000, హాసెల్‌బ్లాడ్ ఫ్లెక్స్‌టైట్ స్కానర్ల ఉత్పత్తి ఆగిపోయింది. వాటి స్థానంలో నెగటివ్‌ను వెలుగు పలకపై ఉంచి, మాక్రో లెన్స్ గల డిజిటల్ కెమెరాతో చిత్రించే పద్ధతి వ్యాపిస్తోంది. ఈ పద్ధతిలో కెమెరా మారినా నెగటివ్ మారదు. సాధారణ ఆదాయం గల పరిశోధకుడు, జిల్లా గ్రంథాలయం, కళాశాల విభాగం కూడా దీన్ని చేపట్టగలవు. డిజిటల్ బ్యాక్ ఇవ్వలేని విస్తృతి ఇది.

8. ప్రతివాదాల పరిశీలన:

డిజిటల్ బ్యాక్ పక్షాన ఉన్న వాదాలు తీసివేయదగినవి కావు. మొదటిది, నాణ్యత. ప్రకాశపు వ్యాప్తి, వర్ణ ఖచ్చితత్వం, వెంటనే సరిచూసుకునే వీలు ఇవి వాణిజ్య చిత్రణలోనూ, చిత్తరువులు, తాళపత్రాల ప్రతీకరణలోనూ ఫిల్మ్‌కు సాధ్యం కానివి. ప్రతీకరణలో వస్తువే మూలం కాబట్టి నెగటివ్ అవసరం లేదు. అక్కడ బ్యాక్ సరైన పరికరం.

రెండోది, ఫిల్మ్ అస్థిరత. రోచెస్టర్‌లోని కొడాక్, ఇంగ్లాండులోని హార్మన్, చెక్ దేశపు ఫోమా వంటి కొన్ని కర్మాగారాలపై 120 ఫిల్మ్ సరఫరా ఆధారపడి ఉంది. కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. ఫ్యూజీఫిల్మ్ 2021లో ప్రో 400హెచ్ ఉత్పత్తిని నిలిపివేసింది. కానీ ఎక్టాక్రోమ్ 2018లో తిరిగి వచ్చి, 2019లో 120 కొలతలోనూ లభించింది. 2022లో గోల్డ్ 200 తొలగించిన పాత రకాల బాట పట్టక 120లో విడుదలయింది. సరఫరా బలహీనమే గాని, అది ఒకే దిశలో క్షీణిస్తోందనడం సరికాదు.

మూడోది, ఖర్చు. ప్రతి చట్రానికీ ఖర్చు లేకపోవడం డిజిటల్ బలం. అయితే ఆ పొదుపు ఎక్కువ చిత్రాలు తీసేవారికే దక్కుతుంది. నెలకు రెండు మూడు రోల్స్ తీసే కళాకారుడికి బ్యాక్ ధర ఫిల్మ్ ఖర్చుకన్నా ఎన్నో ఏళ్లు ముందుండే భారం.

వీటన్నిటికన్నా తీవ్రమైన సమస్య మరమ్మతు. హాసెల్‌బ్లాడ్, మామియా, పెంటాక్స్, ఫ్యూజీఫిల్మ్ వీటిలో ఏ సంస్థా నేడు 120 ఫిల్మ్‌తో పనిచేసే కొత్త రిఫ్లెక్స్ కెమెరాను తయారుచేయడం లేదు. ఉన్న కెమెరాల షట్టర్లకు నూనె ఎండుతుంది, స్ప్రింగులు అలసిపోతాయి, విడిభాగాలు తరుగుతాయి. బ్యాక్ ఉన్నా, ఫిల్మ్ ఉన్నా బాడీని, లెన్స్‌ను సరిచేసే చేతులు లేకపోతే రెండూ నిష్ప్రయోజనమే. డిజిటల్ బ్యాక్ చుట్టూ జరిగిన చర్చలో ఈ చేతిపనికి దక్కిన చోటు చాలా తక్కువ.

9. ముగింపు:

1. డిజిటల్ బ్యాక్ సాధ్యం కావడానికి కారణం 1948 నాటి విడదీయగల నిర్మాణమే. అది ఎన్నో హాసెల్‌బ్లాడ్ బాడీలను వాడుకలో నిలిపింది.

2. సెన్సార్ కొలత, ఆకృతి 6×6 చట్రానికి సమానం కాకపోవడం వల్ల లెన్స్‌ల దృష్టి, గరుకు గాజు తెర, చతురస్ర కూర్పు వీటి మధ్య పొందిక దెబ్బతింది. బాడీ నిలిచినంతగా దృశ్యవిధానం నిలవలేదు.

3. దీర్ఘాయుష్షు గల బాడీ, నిత్యనూతనమైన ఫిల్మ్ అన్న క్రమాన్ని డిజిటల్ బ్యాక్ తారుమారు చేసింది. ఖరీదైన భాగమే త్వరగా కాలం చెల్లే భాగమయింది.

4. జంట లెన్స్‌ల కెమెరాలకు, రేంజ్‌ఫైండర్లకు ఈ భవిష్యత్తు వర్తించదు. తెలుగు ప్రాంతాల మీడియం ఫార్మాట్ వారసత్వం ప్రధానంగా నెగటివ్‌ల రూపంలోనే ఉంది.

5. ఫిల్మ్, డిజిటల్ సార్థకంగా కలిసే చోటు కెమెరా వెనుక కంటే నెగటివ్ ముందు ఎక్కువగా ఉంది. నెగటివ్ నిలిచి ఉంటే మెరుగైన ప్రతి స్కానర్‌తోనూ దాన్ని తిరిగి చదవవచ్చు.

6. కాబట్టి ఈ కెమెరాల భవిష్యత్తును బ్యాకుల మెగాపిక్సెళ్లతో కొలవడం కన్నా ఫిల్మ్ ఉత్పత్తి, మరమ్మతు శిక్షణ, నెగటివ్‌ల సేకరణ అన్న మూడు అంశాలతో కొలవడం సముచితం. విశ్వవిద్యాలయాల జర్నలిజం, లలితకళా విభాగాలు తమ ప్రాంతపు స్టూడియో నెగటివ్‌లను గుర్తించి, తేమకు, వేడికి దూరంగా భద్రపరచి, స్కాన్ చేసే పనిని పరిశోధనాంశంగా చేపట్టవలసి ఉంది. బ్యాక్ కోసం ఆగవచ్చు. తేమ పట్టిన నెగటివ్ ఆగదు.